దగ్ధచర్మ పునర్నిర్మాణము - మన కర్తవ్యము

(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని యాహ్వానసంఘమువారు నన్ను గోరినప్పుడు, మార్కండేయ మహర్షి చరిత్రమునో, భావనాఋషి ప్రభావమునో ప్రసంగింతునని వారు తలంచియుందురు. సంస్కృతపాఠములు చెప్పి జీవితము గడపినవాడను గాన అట్లు తలంచుట సహజమే. కాని నేనీ దినమున నెన్నుకొన్న విషయము వేఱు. అగ్నిచే దేహచర్మమును చాలవఱకు గోల్పోయినవారికి మరల చర్మమును కల్పించుటకు నేటి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సాధనమెట్టిదో, అందు మన చేతనైన సాయమేమో మనవి చేయదలచితిని. ఇది వైద్యులు చెప్పవలసిన సంగతి గదా, పంతులున కేల యని మీరడుగవచ్చును. ఈ విషయమున నాకొక ఋణము గలదు. మొదట దానిని చెప్పి పిమ్మట ప్రకృతవిషయమునకు వచ్చెదను.

నేను ఉద్యోగమున జేరిన తొలి సంవత్సరములలో, మనవారి వీథిలో నూలునకు రంగు వేయుచుండగా, పదేండ్ల పిల్లవాడొకడు కాగుచెంత కాలు జాఱి పడెను. సలసల కాగుచున్న రంగునీరు వాని మెడమీదను, రొమ్ముమీదను, కుడిచేతిమీదను ఒలికెను. వాడు నా తరగతిలోనివాడే. కేకలు విని పరుగెత్తితిని. వాని తల్లి కుండెడు చన్నీళ్లు తెచ్చి పోయబోవుచుండగా, "నీళ్లు పోయవద్దమ్మా, బొబ్బలెక్కును" అని యడ్డుపడినవాడను నేనే. పంతులు చెప్పిన మాట గాన ఆమె యాగిపోయెను. బడినుండి సిరాబుడ్డి తెప్పించి పూయించినవాడను నేనే. పిల్లవాడు బ్రదికెను. కాని గాయము మానిన పిమ్మట గడ్డము రొమ్మునకు అంటుకొనిపోయెను, మోచేయి ముడుచుకొనిపోయెను. తండ్రి మగ్గమున గూర్చుండి నాడె యాడించుట వానికెన్నడును సాధ్యము కాలేదు. ఆ తల్లి నన్నొక్కనాడును నిందింపలేదు. ఆమె మోపని నిందను నేనే మోయుచున్నాను. కాలినచోట వెంటనే చల్లని నీరు పోయుటయే ప్రథమచికిత్స యని నేను చాల యేండ్లకు గాని తెలిసికొనలేదు. తెలిసిన పిదప ఈ విషయమును గూర్చి చదువుట మొదలుపెట్టితిని. ఆ చదువు ఫలమే యీ యుపన్యాసము.

చర్మము దేహమును కప్పు తెఱ మాత్రమే యని తలంచుట పొరపాటు. వయోజనుని చర్మమును పఱచినచో ఇంచుమించు 1.5 మొదలు 2 చదరపు మీటర్ల వఱకు నుండును. లోని తేమ వెలికి పోకుండను, వెలుపలి సూక్ష్మక్రిములు లోనికి రాకుండను కాపాడుచు, దేహోష్ణమును సమముగా నుంచునది యదియే. సుశ్రుతాచార్యుడు శారీరస్థానమున అవభాసిని మొదలు మాంసధర వఱకు ఏడు త్వక్కులను పేర్కొనెను. సూత్రస్థానమున అగ్నిదగ్ధములను ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు విధములుగా విభజించెను. కాలిన తీవ్రతనుబట్టి చికిత్స మాఱవలెనన్న సూక్ష్మము ఆనాడే యాయన గ్రహించెను. అంతమాత్రమున నేటి విద్య యంతయు మనకు పూర్వమే కరతలామలకమని చెప్పుకొనుట నాకు సమ్మతము కాదు. పెద్దలు చూచినంత వారు చూచిరి. తరువాతివారు ఇంకను లోతుగా చూచిరి.

నేటి శాస్త్రము ప్రకారము చర్మమునకు ప్రధానమైన పొరలు రెండు. పైపొర మిక్కిలి పలుచన. చాలచోట్ల మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే యుండును. అందలి కణములు అడుగున పుట్టి, పైకి వచ్చి, రాలిపోవుచుండును. అడుగుపొర దానికంటె పెక్కురెట్లు మందము. కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులై, ఆ పోగులు ఒకదానితో నొకటి పెనగొని అల్లుకొనుటచే ఈ పొర యేర్పడినది. రక్తనాళములు, నరములు, స్వేదగ్రంథులు, రోమమూలములు అన్నియు ఈ యల్లికలోనే యిమిడియున్నవి. చర్మమునకు బలమును సాగుగుణమును ఇచ్చునది యీ యడుగుపొరయే.

పైపొర మాత్రమే కాలినయెడల, అది తనంతట తాను మరల మొలచును. అడుగుపొర పూర్తిగా కాలిపోయినయెడల, దేహము దానిని మరల నేయజాలదు. అప్పుడది గాయపుటంచులను దగ్గఱకు లాగి గట్టి మచ్చతో మూయును. మన వృత్తిభాషలో చెప్పెదను. బట్టకు చిరుగు పడినప్పుడు తొందరపాటుగలవాడు రెండంచులను చేరలాగి కుట్టివేయును. చిరుగు మూతపడును, కాని బట్ట ముడుతలు పడి, కొలత తగ్గి, తొడుగుకొన్నవాని భుజమును పట్టివేయును. రఫూ నేర్చినవాడట్లు చేయడు. చిరుగుమీదుగా ముందు పోగులు పఱచి పడుగు కల్పించును. ఆ పడుగులో సూదితో పేక నడపి, క్రొత్తబట్టను అచ్చటనే నేయును. నా శిష్యుని మెడ మొదటి విధమున మానినది. నేను చెప్పబోవు సాధనము రెండవ విధమునకు జెందినది. దీనిని ఆంగ్లమున స్కాఫోల్డ్ అందురు. మేస్త్రీలు కట్టు పరంజా యని యర్థము. సంస్కృతమున దీనికొక పెద్దపేరు కల్పించుట నాకు కష్టము కాదు. కాని మన మగ్గపుమాటయే దీనికి చక్కగా నొప్పును. ఇది చర్మమునకు పోసిన పడుగు.

ఈ పడుగు అవసరమెట్లు కలిగినదో చెప్పెదను. తీవ్రముగా కాలి ఆ దినమునకు బ్రదికి బయటపడినవారికి, తొలిదినములలో దేహద్రవములు కాఱిపోవుటచేతను, పిదప గాయము చీము పట్టుటచేతను ప్రాణాపాయము కలుగును. కాలి చచ్చిన చర్మము క్రిములకు నిలయము. దానిని చాలదినములు అట్లే యుంచి, తనంతట రాలువఱకు వేచియుండుట పూర్వపద్ధతి. యుగోస్లావియా దేశమున మారిబోర్ నగరమందలి జోరా యాంజెకొవిచ్ అను వైద్యురాలు, కాలిన కొలదిదినములలోనే చచ్చిన పొరలను చెక్కివేసి, వెంటనే రోగి సొంతచర్మమును కప్పు విధానమును 1970లో ప్రకటించెను. నాటినుండి దగ్ధచికిత్స మార్గమే మాఱెను.

చర్మమును ఒకచోటనుండి యింకొకచోటికి మార్చుట మన దేశమునకు క్రొత్త గాదు. పూనా ప్రాంతమున ముక్కు కోయబడిన కావస్జీ అను బండివానికి నొసటి చర్మముతో ముక్కు కట్టిన వృత్తాంతము 1794లో లండను నగరపు జెంటిల్మన్స్ మాగజైన్ అను పత్రికలో వెలువడెను. ఆ శస్త్రకర్మ చేసినవాడు ఇటుకలు చేయు కులమువాడని యందు వ్రాయబడినది. చేతిపని చేయు కులముల చేతులలో ఎంతటి విద్య యుండెనో మీరే యూహింపుడు. పిమ్మట 1869లో రెవెర్డిన్ అను వైద్యుడు చర్మపు చిన్నతునుకలను గాయముమీద నాటి మొలిపించెను. 1964లో టానర్ అను నాతడు చర్మమునకు వరుసగా గాట్లు పెట్టి, వలవలె సాగదీసి, కొంచెము చర్మముతో ఎక్కువచోటు కప్పు యంత్రమును తెచ్చెను.

అయినను చిక్కు తీఱలేదు. నూటికి ఇరువదివంతులు కాలినవానికి తక్కిన ఎనుబదివంతులనుండి చర్మము తీయవచ్చును. నూటికి ఎనుబదివంతులు కాలినవానికి ఎచ్చటనుండి తీయుదురు? ఇంటినిండ మగ్గములున్నను నూలు లేకున్న నేతగాడేమి చేయును?

అమెరికాలో బోస్టన్ నగరమున 1942 నవంబరు 28వ తేదీరాత్రి కోకోనట్ గ్రోవ్ అను వినోదశాల తగులబడి 492 మంది మరణించిరి. ఆ ఘోరమునకు పిమ్మట ఆ నగరపు వైద్యులు దగ్ధచికిత్సయందు విశేషకృషి చేసిరి. ఆ నగరముననే జాన్ బర్క్ అను శస్త్రవైద్యుడు 1969 సంవత్సర ప్రాంతమున అయోనిస్ యానస్ అను గ్రీకుజాతీయుడైన ఆచార్యుని సాయము గోరెను. ఈ యానస్ వైద్యుడు కాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పోగులను, పాలిమర్లను గూర్చి పరిశోధించువాడు. కాలినవారిని రక్షించుటకు వైద్యుడు వెదకికొనిపోయినది పోగుల విద్య తెలిసినవానిని! ఈ సంగతి చదివినప్పుడు నాకు మన కులవృత్తి స్మరణకు వచ్చి మేను పులకించెను.

మొదట వారు గోరినది యొకటి, దొరికినది వేఱొకటి. గాయమును త్వరగా మూయించు కప్పును చేయవలెనని వారు ప్రయత్నించిరి. ఎన్ని పదార్థములు పెట్టిచూచినను గాయము త్వరపడలేదు. ఒక పదార్థము మాత్రము గాయపుటంచులు దగ్గఱకు ముడుచుకొనుటను ఆలస్యము చేసెను. ఇది విఫలప్రయత్నమని వదలివేయవలసినదే. కాని వారు వదలలేదు. తఱచి చూడగా, ముడుత యాగినచోట మచ్చకు బదులుగా అడుగుపొరను పోలిన క్రొత్తయల్లిక పుట్టుచుండెను. తొందరపాటు కుట్టు నిలిచిపోయినచోట రఫూ మొదలైనదన్నమాట.

ఆ పదార్థమెట్టిదనగా, ఆవు లేక ఎద్దు స్నాయువులనుండి తీసిన కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థినుండి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అను ద్రవ్యముతో గలిపి, గడ్డకట్టించి, అందలి మంచును ఆవిరిగా పోగొట్టుదురు. మంచు పోయినచోటులు సన్నని రంధ్రములై మిగులును. ఒక్కొక్క రంధ్రము ఇంచుమించు తలవెండ్రుక మందము ప్రమాణమున నుండును. రంధ్రములు మఱీ చిన్నవైనచో కణములు లోనికి రాలేవు; మఱీ పెద్దవైనచో వానికి పట్టు దొరకదు. పన్నెలో పండ్లయెడము తప్పినచో బట్ట యెట్లు చెడునో మీకెఱుకయే గదా! ఈ పొరమీద తాత్కాలికపు పైచర్మముగా సిలికోన్ పొరనొకదానిని అంటింతురు. ఇది తేమను కాపాడి క్రిములను వారించును.

చచ్చిన చర్మమును చెక్కివేసిన గాయముమీద దీనిని పఱతురు. అడుగునుండి రోగి సొంతకణములును సన్నని రక్తనాళములును ఆ రంధ్రములలోనికి ప్రాకివచ్చి, తమ కొల్లాజెన్ పోగులను తామే పోయును. రెండు మూడు వారములకు క్రొత్త యడుగుపొర సిద్ధమగును. అప్పుడు సిలికోన్ పొరను ఒలిచివేసి, రోగి దేహమునుండి మిల్లీమీటరులో పదవవంతు మాత్రమైన పలుచని పైపొర తీసి దానిమీద కప్పుదురు. అంత పలుచగా తీసినందున, తీసినచోటు త్వరగా మాని మరల తీయుటకు అనువగును. ఇక మొదట పఱచిన పడుగు క్రమక్రమముగా కరగిపోవును. మిగులునది పరాయిసొమ్ము గాదు. రోగి తనకు తాను నేసికొన్న చర్మము. పరంజా దించిన పిదప గోడ తనకాళ్లమీద నిలిచినట్లు!

బర్క్, యానస్‌లు 1981లో పదిమంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారి దేహములలో నూటికి 50 మొదలు 95 వంతుల వఱకు కాలియుండెను. 1996లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఇంటెగ్రా అనుపేర ఈ సాధనమునకు అనుమతి నొసగెను.

ఇంతలో అదే నగరమున హోవార్డ్ గ్రీన్ అను శాస్త్రజ్ఞుడు పైపొర సమస్యను వేఱుమార్గమున సాధించెను. ఆయనయు జేమ్స్ రైన్‌వాల్డ్ అను శిష్యుడును 1975లో మనుష్యుని పైచర్మపు కణములను గాజుపాత్రలలో పెంచు ఉపాయమును ప్రకటించిరి. తపాలాబిళ్లంత చర్మమునుండి కొలదివారములలో దేహమంతయు కప్పునంత పొరను పెంపవచ్చునని తేలెను. 1983లో దేహమంతయు ఇంచుమించు కాలిపోయిన అన్నదమ్ములిద్దఱు, ఐదాఱేండ్ల పసివారు, ఈ విధముగా పెంచిన సొంతచర్మముతో బ్రదికిరి. కాని అడుగుపొర లేనిచోట ఈ పొర నిలుచుట కష్టము. కొంచెము రాపిడికే ఊడివచ్చును. పడుగు లేని పేక యెట్లు నిలుచును? కావున ఈ రెండు విద్యలు ఒకదానికొకటి కావలసినవి.

తరువాత ఆస్ట్రేలియా దేశమున ఫియోనా వుడ్ అను వైద్యురాలు రోగి కణములను ద్రవమున గలిపి గాయముమీద చల్లు పద్ధతిని పెంపొందించి, 2002లో బాలీద్వీపపు విస్ఫోటనములో కాలినవారి చికిత్సయందు ఉపయోగించెను. ఆ దేశముననే అడిలైడ్ నగరమున జాన్ గ్రీన్‌వుడ్ అను వైద్యుడు జంతుద్రవ్యమేమియు లేక, పాలియురెథేన్ నురుగుతో కాలక్రమమున కరగిపోవు పడుగును తయారుచేయుటకు కారకుడయ్యెను.

ఇందలి లోపములను దాచుట ధర్మము గాదు. ఈ క్రొత్త చర్మమున స్వేదగ్రంథులు మొలవవు; రోమములు మొలవవు. ఎక్కువగా కాలినవారు ఎండాకాలమున మిక్కిలి బాధపడుదురు. పడుగులో రక్తనాళములు ప్రాకకముందే క్రిములు చేరినచో అంతయు తీసివేయవలసియుండును. వ్యయము సామాన్యునకు అందరానిది. నిపుణులైన శస్త్రవైద్యులు లేనిచోట ఎంత మంచిసాధనమైనను నిష్ప్రయోజనము.

మన దేశముననేమి జరుగుచున్నదని మీరడుగుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము భారతదేశమున ఏటేట పదిలక్షలమందికి పైగా మధ్యమముగనో తీవ్రముగనో కాలుచున్నారు. ఇట్టి దేశమునకు చవుకైన సాధనము కావలెను. తిరువనంతపురమునందలి శ్రీచిత్ర తిరునాళ్ వైద్యసంస్థవారు పంది పిత్తాశయమునుండి కణములన్నిటిని కడిగివేసి, మిగిలిన యల్లికను వ్రణములమీద పఱచు పడుగుగా రూపొందించి, కోలిడర్మ్ అని పేరిడిరి. 2023లో దీనికి కేంద్రప్రభుత్వపు అనుమతి లభించినట్లు ప్రకటితమైనది. 10,000 రూపాయల చికిత్సావ్యయము 2,000 రూపాయలకు తగ్గగలదని అప్పుడాశించిరి.

మన తెలుగువారికి గర్వకారణమైన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలయును. కొల్లాజెన్ అనగా తోలులోని సారమే. గుంటూరు మండలమున తెనాలి ప్రాంతమువాడైన యలవర్తి నాయుడమ్మగారు మద్రాసులోని కేంద్ర చర్మపరిశోధన సంస్థకు అధిపతియై తోళ్లశాస్త్రమున లోకవిఖ్యాతుడయ్యెను. 1985లో కనిష్క విమానదుర్ఘటనలో ఆయన మరణించుట మన దురదృష్టము. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గాయములమీద కప్పు కొల్లాజెన్ పొరలను కూడ రూపొందించిరి. తోలు ఊనుటయనగా కొల్లాజెన్ పోగులను ఒకదానితోనొకటి ముడివైచి చెడిపోకుండ చేయుటయే. దగ్ధచికిత్సకు వాడు పడుగు ఎన్నిదినములు నిలిచి కరగవలెనో నిర్ణయించుటకును ఇట్టి ముడులే యుపాయము. పదునైన బుద్ధికి తక్కువపని యనునది లేదని నాయుడమ్మగారి జీవితము మనకు నేర్పుచున్నది.

"పంతులుగారూ, గోవు స్నాయువట, పంది పిత్తాశయమట, ఇవి మనవారి దేహమున జేర్చుట శౌచమా?" యని పెద్దలు కొందఱు నన్నిదివఱకే యడిగియున్నారు. వారి సందేహమును నేను పరిహసింపను. మీ మనస్సునకు సరిపడనిచో వైద్యునితో ముందుగానే చెప్పి, జంతుద్రవ్యము లేనిదానిని గూర్చి యడుగుడు. అది రోగి హక్కు. అయినను ఒక్కమాట. పూజకు మడిగా గట్టుకొను పట్టుబట్ట పురుగుగూటి దారము. దానిని నేసిన చేతులు మనవే. గోరోచనము పశువు పిత్తాశయమున పుట్టినది. కస్తూరి మృగము బొడ్డునుండి వచ్చినది. శంఖము సముద్రజీవి గుల్ల. దేవునికి అర్పింపదగిన ఈ వస్తువులను అశుచియని మన పెద్దలు త్రోసివేయలేదు. వస్తువు పుట్టుకకంటె దాని వినియోగమును గొప్పగా నెంచిరి. ప్రాణము నిలుపు వినియోగముకంటె మించిన శుద్ధి యేమున్నది?

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచినదానికి వచ్చితిని. ఈ సాధనములన్నియు ప్రతి యాసుపత్రిలో దొరకువఱకు కాలినవారు వేచియుండలేరు. చచ్చిన చర్మము చెక్కివేసిన గాయమును ఆ దినముననే కప్పవలయును. ఆ కప్పు నేడు తక్కువవ్యయమున లభింపగల మార్గమొకటి గలదు. అది మరణించినవారు దానము చేసిన చర్మము. అది శాశ్వతముగా అంటుకొనదు. రెండు మూడు వారములు నిలిచి, ద్రవములు కాఱకుండను, క్రిములు చేరకుండను కాపాడి, నొప్పి తగ్గించి, రోగి సొంతచర్మము సిద్ధమగువఱకు ప్రాణము నిలుపును. ఇదియు నొక పరంజాయే, కట్టవలసినవారము మనము.

ముంబయిలో సయాన్ ఆసుపత్రియందు 2000లో చర్మనిధి స్థాపితమైనది. హైదరాబాదున ఉస్మానియా ఆసుపత్రియందు 2021లో స్థాపించిరి. నిధి యున్నది, నింపువారు చాలరు. మరణించిన 6 గంటలలోపల చర్మము తీయవలయును. తొడలు, పిక్కలు, వీపు - ఈ చోటులనుండి ఉల్లిపొరవంటి సన్నని పొర మాత్రమే తీయుదురు. రక్తము కాఱదు, ముఖము చెడదు, దేహము వికారము కాదు, బట్ట కట్టినపిదప చూచువారికి తెలియనే తెలియదు. అరగంట, ముప్పావుగంటలో పని ముగియును. కాటికి గొనిపోవుటకు ఆలస్యము కాదు. ఇచ్చువారి రక్తము పుచ్చుకొనువారి రక్తముతో సరిపోవలెనన్న నియమము లేదు. వృద్ధులును ఈయవచ్చును. పచ్చకామెర్లకు కారణమగు కొన్ని క్రిములు, ఎయిడ్స్, చర్మపు పుండుపుట్టు మొదలగునవి యున్నవారినుండి మాత్రము పుచ్చుకొనరు. గ్లిసరిన్‌లో చల్లగా నుంచిన చర్మము ఐదేండ్ల వఱకు నిలువయుండును.

"దేహమున కొఱత కలిగినచో మఱుజన్మమున ఆ కొఱతతో పుట్టుదుము గదా" యని యొక భయము మనవారిలో గలదు. నేను చదివిన శాస్త్రములలో అట్టిమాట నాకు కనబడలేదు. కనబడినవి వేఱు. దధీచి తన యెముకలనిచ్చెను. కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచమును దేహమునుండి కోసి యిచ్చెను. వారికి దుర్గతి కలిగినదని ఏ పురాణమును చెప్పలేదు. నేటికిని ప్రాతఃకాలమున వారి పేరు తలంచుచున్నాము. దేహమును వస్త్రముతో పోల్చి గీతాచార్యుడు చేసిన యుపదేశము మీరందఱు ఎఱిగినదే. జీర్ణవస్త్రము విడిచినపిదప దానిని కాల్చుటకంటె, చలికి వణకువానికి కప్పుట మేలని నేతవారికి నేను చెప్పవలెనా?

మఱియొక మాట చెప్పక తప్పదు. వినుటకు కష్టమైనను వినుడు. వంటయింట కాలినవారిలో స్త్రీలు ఎక్కువ. కొంగు అంటుకొనుట, స్టవ్వు పేలుట నిజముగా జరుగుచున్నవి. కాని కట్నపుమాటలు పడలేక తన్ను తాను కాల్చుకొన్న యాడుబిడ్డలును, ఇతరులు కాల్చిన యాడుబిడ్డలును గలరు. అది మన యింట జరుగదని ఎవ్వరును గుండెమీద చేయివేసికొని చెప్పలేరు. "పరువు పోవును" అని గదిలో దాచి పసరులు పూయు ప్రతిగంటయు ఆ బిడ్డ ప్రాణములో నొక పోగు తెంపుచున్నది. సంఘము పరువు దాచుటకు గాదు, ప్రాణము దాచుటకు ఉన్నది.

కావున ఈ సభవారికి నేను నాలుగు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: కాలినవెంటనే ఇరువది నిమిషములు చల్లని ధారనీటిని పోయుడు. ఆలస్యమైనను మూడుగంటలలోపల పోయుట మేలే. మంచుగడ్డ వలదు, సిరా, పేడ, పసుపు, పండ్లపొడి వలదు. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీసివేయుడు. అంటుకొన్న బట్టను పీకకుడు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి గొనిపొండు. ఈ మాటలను మన విద్యార్థివసతిగృహముల గోడలమీద, రంగుశాలల గోడలమీద వ్రాయింపుడు. రెండవది: సంఘనిధిలో కొంతభాగము కాలినవారి చికిత్సకును, ముడుచుకొన్న కీళ్లను విడదీయు శస్త్రకర్మలకును వేఱుగా నుంచుడు. మూడవది: కాలి బ్రదికినవారిని శుభకార్యములకు పిలువకుండుట, పిల్లనీయకుండుట, పని యీయకుండుట మానుడు. మచ్చ వారి దేహముమీద నున్నది. ఆ దురాచారము మన మనస్సుమీద నున్నది. నాలుగవది: చర్మదానపు ప్రతిజ్ఞాపుస్తకమును ప్రతిశాఖయందును ఉంచుడు. ప్రతిజ్ఞ చేసినవారు ఇంటివారికి చెప్పియుంచుడు. ఏలయన, ఆ ఆఱుగంటలలో కబురు పంపవలసినవారు వారే.

భావనాఋషి పద్మతంతువులతో దేవతలకు వస్త్రములు నేసెనని మన కులగాథ. నగ్నమైన మేనికి బట్ట కప్పుట మన వంశమున కబ్బిన పుణ్యము. బట్ట కప్పవలసిన మేనికి చర్మమే లేనివాడు అందఱికంటె నగ్నుడు. వానికి పడుగు పోయు విద్య లోకమున పుట్టినది. ఆ విద్య మన బీదవానికి అందువఱకు, అతని ప్రాణము నిలుపు పనిలో మనకొక భాగము గలదు.

నా శిష్యుడు ఈ సభలోనే యున్నాడు. పేరు చెప్పవలదని యన్నాడు గాన చెప్పను. నిన్నరాత్రి ఈ వ్యాసమును ముందుగా అతనికే చదివి వినిపించితిని. నీళ్లకుండ సంగతి వచ్చినప్పుడు ఆగితిని. అతడు కొంతసేపూరకుండి, "చదవండి పంతులుగారూ, అందఱును వినవలసినది అదే" అనెను. ఆ యనుమతితోనే ఇంతయు చెప్పగలిగితిని. ప్రతిజ్ఞాపుస్తకము అధ్యక్షులవారి యెదుట బల్లమీద నున్నది. మొదటిపుటలో మొదటిపేరు అతడు వ్రాసెను; రెండవది నాది. మూడవపంక్తి మొదలు మీకై ఖాళీగా నున్నది.